దగ్గు లేని టీబీని నడుములో వెతకండి: రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల కమిషనర్లకు, రాష్ట్ర టీబీ అధికారులకు నమస్కారం.

టీబీ సర్వేకి ఆశా కార్యకర్త గుమ్మంలోకి వచ్చినప్పుడు ఏమడుగుతారో మీకు తెలుసు. రెండు వారాలు దాటిన దగ్గు ఉందా, సాయంత్రాలు జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? దగ్గు ఉందంటే తెమడ డబ్బా చేతికిస్తారు. లేదంటే చాలాసార్లు అక్కడితో సరి. వెన్నుపూసలో టీబీ ముదురుతున్న మనిషి సరిగ్గా ఇక్కడే తప్పిపోతున్నాడు. అతనికి చాలాసార్లు దగ్గు ఉండదు, తెమడ రాదు. ఛాతీ ఎక్స్‌రే కూడా చాలామందిలో శుభ్రంగానే ఉంటుంది. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల కార్యక్రమంతో చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు ఊళ్లలోకి వచ్చాయి. సంతోషమే. కానీ అవి చూసేది ఊపిరితిత్తుల్ని.

మేం ముఖ్యంగా అడిగేవి రెండు. స్క్రీనింగ్ పత్రంలో నడుము గురించి ఒక ప్రశ్న చేర్చండి. బయాప్సీ (ఒంట్లోంచి ముక్క తీసి చూసే పరీక్ష) గదిలో ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) లేని డబ్బాలు తప్పనిసరి చేయండి. ఇంత చిన్న కోరికలకు ఇంత పొడుగు లేఖ ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ఈ రోగి టీబీ వచ్చిందేమోనని ఆస్పత్రికి రాడు, నడుము నొప్పి అని వస్తాడు. మొదటి మజిలీ ఆర్‌ఎంపీ. డైక్లో అనే నొప్పి మందు, డెక్సా కలిపి ఒక సూది, వారానికి సరిపడా గ్యాస్ బిళ్లలు. డెక్సా, అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, వాపును అణిచేస్తుంది కాబట్టి రెండు మూడు రోజులు హాయిగానే ఉంటుంది. క్రిమిని ఎదిరించే శక్తిని కూడా అదే అణిచేస్తుంది, జ్వరాన్ని దాచేస్తుంది, షుగర్‌ని పెంచేస్తుంది. సూది పనిచేసిందన్న నమ్మకంతో మళ్లీ అదే సూది. రెండో మజిలీ మందుల షాపు. కాస్త వేడిగా ఉందంటే లీవోఫ్లాక్సాసినో ఓఫ్లాక్సాసినో, ఏదో ఒక యాంటీబయాటిక్ అయిదు రోజులకు ఇచ్చి పంపుతారు. ఇవి టీబీ క్రిమి మీద కూడా పనిచేసే మందులు. ఒంటరిగా నాలుగు రోజులు వాడితే కొన్ని క్రిములు చచ్చి జ్వరం తగ్గుతుంది. ఆ తర్వాత చేసే పరీక్షలో క్రిమి చిక్కడం కష్టమవుతుంది, మిగిలినవి మందుకు మొండికేసే ప్రమాదం ఉంటుంది. మొండి టీబీకి మీరు ఇచ్చే కోర్సుల్లో లీవోఫ్లాక్సాసిన్ ముఖ్యమైన మందని మీకు మేం చెప్పక్కర్లేదు.

మూడో మజిలీ స్కాన్, లేదా మసాజ్. నలభై దాటినవాళ్లలో నొప్పి లేకపోయినా ఎంఆర్‌ఐలో డిస్క్ ఉబ్బు కనబడటం మామూలే. నడుము కింది భాగానికి మాత్రమే స్కాన్ రాసి, అక్కడ ఒక డిస్క్ ఉబ్బి కనిపిస్తే, ‘డిస్క్ జారింది’ అన్న మాటతో దర్యాప్తు ముగిసిపోతుంది. జబ్బు అంతకు పైన, వీపు మధ్యలోనో, వీపూ నడుమూ కలిసేచోటో ఉండొచ్చు. వెన్ను టీబీ ఎక్కువగా కూర్చునేది అక్కడే. ఆ తర్వాత నడుము లాగే ట్రాక్షన్, వెన్నులోకి స్టెరాయిడ్ సూది. ఇన్ఫెక్షన్ ఉన్న వెన్నులోకి స్టెరాయిడ్ ఎక్కించడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఇక ఏ నడుము నొప్పిని అనుమానించాలి? పొలం పనికీ, బండి ప్రయాణానికీ వచ్చే నొప్పి పడుకుంటే తగ్గుతుంది, నాలుగైదు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఆరు వారాలు దాటినా తగ్గకుండా, విశ్రాంతిలోనూ వేధిస్తూ, రాత్రి నిద్రలేపే నొప్పి వేరు. దానికి తోడు బరువు తగ్గడం, ఆకలి చావడం, సాయంత్రం ఒళ్లు వెచ్చబడటం ఉంటే అనుమానం బలపడాలి. షుగర్, డయాలసిస్, హెచ్‌ఐవీ, ఎక్కువకాలం స్టెరాయిడ్ వాడకం, పాత టీబీ, ఇంట్లో టీబీ రోగి, ఈమధ్య వెన్ను ఆపరేషన్, తిరగబెడుతున్న మూత్ర ఇన్ఫెక్షన్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆరు వారాలు ఆగక్కర్లేదు. ఒక హెచ్చరిక: వెన్ను టీబీలో జ్వరమూ చెమటలూ లేనివాళ్లు చాలామంది ఉంటారు. ‘జ్వరం లేదు కదా’ అని కొట్టిపారేయొద్దు.

పీహెచ్‌సీలో చేయాల్సిన పరీక్షకు యంత్రం అక్కర్లేదు, మూడు నిమిషాలు చాలు. చొక్కా విప్పించాలి. రద్దీ ఓపీల్లో జరగనిది ఇదే. రోగిని నిలబెట్టి వెనక నుంచీ, పక్క నుంచీ చూడాలి. మెడ దగ్గర మొదలుపెట్టి ఒక్కో పూస మీద బొటనవేలితో నొక్కుతూ కిందికి రావాలి, తర్వాత పిడికిలితో మెల్లగా తట్టాలి. కండరం నొప్పి వెన్నుకి పక్కన, వెడల్పుగా ఉంటుంది. పూస నొప్పి నడిమధ్యన, వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోట ఉంటుంది. వేలికి ఒక బొడిపె తగిలిందంటే పూస ముందుభాగం కూలి గూని మొదలైందన్నమాట. తర్వాత ఒక అడుగు ముందు ఇంకో అడుగు, మడమకు వేళ్లు ఆనించి గీత మీద నడిపించాలి. తూలుతున్నా, మోకాలి రిఫ్లెక్స్ ఎగిరిపడుతున్నా, కాలికున్న చెప్పు జారిపోయినా తెలియడం లేదన్నా వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోంది. మూత్రం ఆగిపోతున్నా, కాళ్లలో బలం తగ్గుతున్నా అదే రోజు ఎంఆర్‌ఐ ఉన్న ఆస్పత్రికి 108లో పంపాలి. వచ్చే వారం ఓపీకి రమ్మనే కేసు కాదది.

పిల్లల్లో ఇంకా తేలిక. నేల మీద రూపాయి బిళ్ల పడేసి తీయమనండి. వెన్ను నొప్పి ఉన్న పిల్లవాడు నడుము వంచడు. వీపు కర్రలా నిటారుగా పెట్టుకుని, మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి తొడ మీద ఆనించి కూర్చుని తీస్తాడు. నిద్రలో కండరాలు సడలగానే ఉలిక్కిపడి ఏడుస్తాడు. దాన్ని దడుపు జ్వరమనో, దిష్టి అనో అనుకుని తాయెత్తు కట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

గజ్జల్లోకి దిగే గడ్డ గురించి కూడా పీహెచ్‌సీ వైద్యులకు గుర్తుచేయాలి. వెన్నుపూసలో పుట్టిన చీము నడుము నుంచి తొడకు దిగే సోయాస్ కండరం వెంట జారి తొడ మొదట్లో తేలుతుంది. వేడి ఉండదు, ఎర్రబారదు, పెద్దగా నొప్పీ ఉండదు. సెగగడ్డ అనుకుని కోస్తే ఆ గాయం మానక నెలల తరబడి కారుతూనే ఉంటుంది. లాగాల్సి వస్తే స్కాన్ చూసుకుంటూ, మంచి చర్మం గుండా, గడ్డకు కాస్త దూరంగా పక్క నుంచి సూది పెట్టి లాగాలి.

రక్తపరీక్షల్లో, ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రెండూ చేయించాలి. రెండూ పెరిగితే ఎంఆర్‌ఐకి పంపడానికి అది చాలు. నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేదని తేల్చేయకూడదు, ముఖ్యంగా టీబీలో. మాంటూ (చర్మం మీద చేసేది), ఇగ్రా (రక్తంలో చేసేది) పరీక్షలు క్రిమి ఎప్పుడో ఒంట్లోకి చేరిందని చెబుతాయే తప్ప ఇప్పటి నొప్పికి అదే కారణమని చెప్పవు. రక్తంలో టీబీ యాంటీబాడీల కిట్లను కేంద్రం 2012లోనే నిషేధించింది. ఎక్స్‌రే విషయానికొస్తే, పూసలో ఖనిజం మూడో వంతు దాకా పోతే తప్ప అది పట్టుకోలేదు. ఎక్స్‌రే బాగుంది కాబట్టి ఎముక బాగుందనడం తొలి నెలల్లో చెల్లదు.

ఎంఆర్‌ఐ రాసేటప్పుడు చీటీ మీద ‘నడుము నొప్పి’ అని రాసి వదిలేస్తే రేడియాలజిస్టు డిస్కులే లెక్కపెడతారు. ‘ఇన్ఫెక్షన్ అనుమానం’ అని రాయాలి. నొప్పి ఉన్నచోట పూర్తి స్కాన్‌తో పాటు మెడ నుంచి త్రికం (వెన్ను అడుగు ఎముక) దాకా పక్క నుంచి తీసే స్టిర్ (ఎముకలో వాపును ఎత్తి చూపే పద్ధతి) చిత్రాలు అడగాలి, ఎందుకంటే ఈ జబ్బు మధ్యలో పూసల్ని వదిలేసి రెండు మూడు చోట్ల ఉండొచ్చు. కిడ్నీలు బాగుంటే జబ్బు చోటు స్పష్టంగా కనబడేందుకు కాంట్రాస్ట్ మందు ఎక్కించాలి. టీబీలో రెండు పక్కపక్క పూసల అంచులు తినేసి ఉంటాయి, మధ్యలో డిస్క్ చాన్నాళ్లు నిలబడుతుంది, పక్కన పల్చటి గోడతో పెద్ద చీముసంచి కనబడుతుంది. స్టాఫ్ లాంటి చీము క్రిముల్లో డిస్క్ ముందే కరిగిపోతుంది, నొప్పీ జ్వరమూ గబగబా ముదురుతాయి. ఇవి ఆనవాళ్లే. బొమ్మ చూసి క్రిమి పేరు చెప్పడం పందెం కాయడమే.

అందుకే ముక్క తీయాలి. మా లేఖలో అసలు కీలకం ఇదే. సీటీ చూసుకుంటూ, మత్తు సూది ఒక్కటే వేసి, పూస కాడ గుండా సూది దించి నాలుగైదు ముక్కలు తీయడం జిల్లా కేంద్రాల్లోని బోధనాసుపత్రులకు కొత్త పని కాదు. కొంప మునిగేది ఆ తర్వాతి అరనిమిషంలో. ట్రేలో ఉన్న ఒకే ఒక్క డబ్బాలో ఫార్మలిన్ ఉంటుంది, ముక్కలన్నీ అందులో పడతాయి. ఫార్మలిన్‌లో పడ్డ క్రిమి చచ్చినట్టే. కల్చర్ (ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్ష) పెట్టడానికి ఏమీ మిగలదు, క్రిమి జన్యువును వెతికే సీబీనాట్‌కీ పనికిరాదు. వారం తర్వాత పాథాలజీ నుంచి ‘గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద), టీబీ కావచ్చు’ అని కాగితం వస్తుంది. మందులకు లొంగే టీబీనా, మొండిదా, అసలు టీబీయేనా? ఆ కాగితం చెప్పదు.

కావాల్సింది మూడు డబ్బాలు. ఒకటి ఫార్మలిన్‌తో పాథాలజీకి. రెండోది ముక్క తడారకుండా ఉండేటంత సాధారణ సెలైన్‌తో సీబీనాట్ లేదా అలాంటిదే అయిన ట్రూనాట్‌కి, టీబీ కల్చర్‌కి. మూడోది అలాగే స్టెరైల్‌గా మామూలు బ్యాక్టీరియా, ఫంగస్ కల్చర్‌లకు. ఆలస్యమైతే టీబీ డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. బ్యాక్టీరియా డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టకుండా రెండు గంటల్లో ల్యాబుకు చేర్చాలి. చీము దొరికితే దూది పుల్ల ముంచి పంపొద్దు, సిరంజితో లాగిన చీమే పంపాలి. జ్వరం ఉన్నవాళ్లకు యాంటీబయాటిక్ మొదలుపెట్టేలోపు రెండు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీసి, సీసాకు 8 నుంచి 10 మి.లీ. చొప్పున కల్చర్‌కు పంపాలి. కాళ్లలో బలహీనత గానీ, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) గానీ లేని రోగికి ముక్క తీసేదాకా యాంటీబయాటిక్ ఆపి ఉంచవచ్చు. ఇప్పటికే వాడుతుంటే వీలైతే ఒకటి రెండు వారాలు మాని తీస్తే ఫలితం మెరుగ్గా వస్తుంది.

సీబీనాట్‌లో టీబీ ఉందని వస్తే రెండు గంటల్లో ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా తేలిపోతుంది. లేదని వస్తే మాత్రం టీబీ లేదని కాదు. ఎముకలో క్రిములు తక్కువగా ఉంటాయి కాబట్టి కల్చర్, పాథాలజీ కలిపి చూడాలి.

టీబీ కాని క్రిముల గురించి ఒక మాట. గొర్రెలు మేకలు కాసేవాళ్లలో, పాడి పశువుల మధ్య ఉండేవాళ్లలో, వాటి నుంచి అంటుకునే బ్రూసెల్లా క్రిమి ఉండొచ్చు. పశువు ఈసుకుపోయినప్పుడు (గర్భం జారినప్పుడు) మాయను ఒట్టి చేతులతో తీయడం, పచ్చిపాలు తాగడం దానికి దారి. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పథకంలో 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున లక్షల ఇళ్లకు మందలు చేరాయి. ఆ ఇళ్లలో నడుము నొప్పి, వచ్చిపోయే జ్వరం అంటే పశువుల గురించి కూడా అడగాలి. బ్రూసెల్లాను టీబీ అనుకుని టీబీ మందులు మొదలుపెడితే ఒక తమాషా జరుగుతుంది. అందులో ఉన్న రిఫాంపిసిన్ బ్రూసెల్లా మీద కూడా కొంత పనిచేస్తుంది కాబట్టి రోగి కొన్నాళ్లు కోలుకుంటాడు. అందరూ టీబీయే అనుకుంటారు, జబ్బు తిరగబెడుతుంది. బ్రూసెల్లాకు డాక్సీసైక్లిన్‌తో కలిపి, వెన్నులో ఉంటే కనీసం మూడు నెలలు వైద్యం ఉండాలి. నమూనా పంపేటప్పుడు ల్యాబుకు ముందే చెప్పాలి, ఎందుకంటే అది ల్యాబు సిబ్బందికే అంటుకునే క్రిమి. షుగర్ ఉన్న వరి రైతుల్లో, వానాకాలంలో వచ్చే, మట్టీ నీళ్లలోని క్రిమి తెచ్చే జబ్బు మెలియాయిడోసిస్‌ది ఇంకో చిక్కు. కల్చర్‌లో పెరిగినా సూడోమొనాస్ అనే వేరే క్రిమి కాలుష్యమనుకుని పక్కన పడేసే ల్యాబులున్నాయి. దానికి టీబీ మందులు పనికిరావు, రక్తనాళం గుండా సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్‌తో మొదలుపెట్టి ఆ తర్వాత నెలల తరబడి కోట్రైమాక్సజోల్ ఇవ్వాలి.

అలాగని దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న ప్రతివాళ్లకీ యాంటీబయాటిక్ రాయమని మేం అనడం లేదు. 2013లో డెన్మార్క్‌లో ఎంఆర్‌ఐ మార్పులున్నవాళ్లకు 100 రోజులు యాంటీబయాటిక్ ఇస్తే మేలు జరిగిందని ఒక అధ్యయనం వచ్చింది. అదే పని నార్వేలో 180 మందితో జాగ్రత్తగా చేస్తే రోగికి తెలిసేంత ఉపయోగం లేదని 2019లో తేలింది. మేం చెబుతున్నది క్రిమిని పట్టుకుని వైద్యం చేయమని.

చికిత్సకు వస్తే, వెన్ను టీబీలో ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. మద్రాసు టీబీ పరిశోధన కేంద్రం పాల్గొన్న, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఎంఆర్‌సీ అధ్యయనాలు, వారణాసిలో ఎముకల వైద్యుడు డాక్టర్ తులి అనుసరించిన మధ్యేమార్గం (ముందు మందులు, అవసరమైతేనే ఆపరేషన్) దశాబ్దాల కిందటే ఆ సంగతి చూపించాయి. కాళ్ల బలం తగ్గుతూ పోతున్నా, పూస నిలకడ తప్పినా, గూని పెరుగుతున్నా, మందులకు లొంగకపోయినా ఆపరేషన్ మాట వస్తుంది. మందులు మొదటి రెండు నెలలు నాలుగు, ఆ తర్వాత పది నెలలు పైరజినమైడ్ తీసేసి మూడు. మొత్తం 12 నెలలు, అవసరాన్ని బట్టి 18 దాకా. నాలుగు మందుల బిళ్లలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275 మి.గ్రా. ఉంటాయి. 35 నుంచి 49 కిలోల వారికి రోజుకు మూడు, 50 నుంచి 64 కిలోలకు నాలుగు. చిక్కిపోయి 47 కిలోలతో వచ్చినవాళ్లు మూడు నెలల్లో 52కి చేరితే బిళ్లల లెక్క మారాలి. ఎవరూ మళ్లీ తూకం వేయకపోతే ఏడాదంతా తక్కువ డోసు మింగుతారు. ఇథాంబ్యుటాల్ ఏడాది పొడుగునా సాగుతుంది కాబట్టి మొదట్లో ఒకసారి, ఆ తర్వాత మధ్యమధ్య చూపు, ఎరుపు ఆకుపచ్చ తేడా పరీక్షించాలి. షుగర్ బిళ్లల పట్టును రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. అది చెప్పకపోతే షుగర్ పెరిగిన నింద టీబీ మందు మీద పడి, రోగి మందే మానేస్తాడు.

మొదటి వారాల్లో ఎంఆర్‌ఐ ఇంకా చెడ్డగా కనిపించవచ్చు, చీము పెరిగినట్టుండొచ్చు. నొప్పి తగ్గుతూ, బరువు పెరుగుతుంటే కంగారు పడి మందు మార్చొద్దు. మూడు నెలలైనా నొప్పి తగ్గకపోయినా, కొత్త చోట పూస తింటున్నా మొండి టీబీ అనుకుని మళ్లీ ముక్క తీయాలి.

అన్నిటికంటే మాకు బాధ కలిగించేది ఆరో నెల. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలే కాబట్టి, టీబీ యూనిట్‌లో చేతి అలవాటుగా కార్డు మూసేసే ప్రమాదం ఉంది. రోగికీ అప్పటికి నొప్పి ఉండదు, మందు మానడానికి అదే చాలు. టీబీ రోగుల ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ అయిన నిక్షయ్‌లో వెన్ను టీబీ అని జబ్బు చోటు నమోదైతే 12 నెలలు నిండకుండా ‘చికిత్స పూర్తి’ అని నొక్కడానికి వీల్లేకుండా, టీబీ యూనిట్ పర్యవేక్షకులైన ఎస్‌టీఎస్‌లకు లిఖితపూర్వక ఆదేశం ఇవ్వండి. 2024 నవంబరు 1 నుంచి నిక్షయ్ పోషణ్ (టీబీ రోగుల పోషకాహార సాయం) కింద నెలకు వెయ్యి రూపాయలకు పెరిగిన సాయం ఆ చివరి నెలల్లోనూ ఖాతాలో పడాలి. 2024లో మందుల కొరత వచ్చినప్పుడు రాష్ట్రాలే స్థానికంగా కొనుక్కోమన్నారు. వెన్ను టీబీ రోగికి మధ్యలో తెగితే నష్టం ఎక్కువ, అందుకని జిల్లా స్టోర్‌లో వీళ్ల కోసం రెండు నెలల నిల్వ విడిగా ఉంచండి.

స్క్రీనింగ్ ప్రశ్న ఇలా ఉంటే చాలు: ‘ఆరు వారాలకు మించి, పడుకున్నా తగ్గని, రాత్రి నిద్రలేపే వెన్ను లేదా నడుము నొప్పి ఉందా?’ ఔనన్నవాళ్లను పల్లె దవాఖానా లేదా విలేజ్ క్లినిక్‌లో ఉన్న ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు) చొక్కా విప్పించి చూడాలి, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రాయాలి. అనుమానం నిలిస్తే బోధనాసుపత్రిలో వారానికి ఒకరోజు ఇలాంటి రోగులకు కేటాయించిన ఎంఆర్‌ఐ వేళకు పంపాలి. ప్రైవేటు ఎంఆర్‌ఐకి వేల రూపాయలు పెట్టలేక ఎక్స్‌రే దగ్గరే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ఆర్‌ఎంపీలతో మీ శాఖలు జరిపే మాటామంతీలో, నడుము నొప్పికి డెక్సా రెండోసారి పొడవొద్దన్న ఒక్క మాటైనా చేర్చండి. పూర్తిగా మానమంటే వినరని మాకు తెలుసు.

ఈ లేఖ ప్రతుల్ని జిల్లా టీబీ అధికారులకు, బోధనాసుపత్రుల రేడియాలజీ, పాథాలజీ, మైక్రోబయాలజీ విభాగాధిపతులకు పంపుతున్నాం. మూడు డబ్బాల మీద అంటించే లేబుళ్ల నమూనా, ఎంఆర్‌ఐ చీటీ ముసాయిదా తెలుగులో, ఇంగ్లిషులో సిద్ధంగా ఉన్నాయి. మీ కార్యాలయం అడిగిన రోజే ఇస్తాం.

ఇట్లు,
వెన్నెముక శస్త్రచికిత్స, మైక్రోబయాలజీ, రేడియాలజీ, ఫిజియోథెరపీ విభాగాల్లో పనిచేస్తున్న కొందరం